ఖరీదైన వాచీకి చిన్న పార్టు తెప్పించుకోవడం: అమలాపురం షాపు నుంచి కొన్ని మాటలు

"ఒమేగాకి కీ పార్టు కావాలండి, దొరుకుతుందా?" అని ఫోన్ వస్తే నేను ముందుగా అడిగేది ఒకటే: లోపల మిషను నంబరు ఎంత? డయల్ మీద ఉన్నది కంపెనీ పేరు. ఆ ఒక్క పేరు కింద కంపెనీ ఎన్నో రకాల మిషన్లు చేసింది. వాచీ పేరు చెప్పి పార్టు అడిగితే కోల్‌కతాలో అయినా, ముంబైలో అయినా, లండన్‌లో అయినా ఎవరూ ఏమీ ఇవ్వలేరు. మిషను నంబరు, పార్టు నంబరు, విరిగిన పాత ముక్క. ఈ మూడూ చేతిలో ఉంటే సగం పని అయినట్టే. ఇవి లేకుండా డబ్బు పంపితే వచ్చేది పక్క మిషను పార్టు, అది వెనక్కి పోదు.

మా షాపు అమలాపురం గడియార స్తంభం సెంటర్ దగ్గర సందులో ఉంది. నాన్నగారు పెట్టిన షాపు. ఆయన చెయ్యి తిరిగింది హెచ్‌ఎంటీల మీద. 1961లో జపాన్ సిటిజెన్ వాళ్ల సాయంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీలు మొదలయ్యాక, ఈ దేశంలో మెకానిక్కుకి పార్టు అన్నది దిగులు పడాల్సిన విషయం కాకుండా పోయింది. జనతా మోడలుకి బ్యాలెన్స్ (అటూ ఇటూ ఊగుతూ టైము నడిపే చక్రం) కావాలంటే డబ్బాలోంచి తీసి వేసేవారు. ఇప్పుడు మా బల్ల మీదికి వచ్చేవి వేరు. కోనసీమలో ఇంటికొకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నారు. వాళ్లు తెచ్చుకున్న రాడోలు, ఒమేగాలు, టిసోలు, వాళ్ల నాన్నలు తెచ్చిన పాత లాంజీన్స్‌లు. నాన్నగారు మిషను విప్పుతారు, నేను పార్టులు తెప్పిస్తాను. షాపుకొచ్చేవాళ్లు "చెల్లెమ్మా, ఇది ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగే ప్రశ్నకి నోటితో చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను. వాచీ ఉన్నవాళ్లకీ, పల్లెల్లో చిన్న షాపు నడిపే తోటి మెకానిక్కులకీ ఇద్దరికీ పనికొస్తుంది.

పార్టు పోయిందా, పని తప్పిందా?

ముందు ఇది తేల్చుకోవాలి. కీ లాగితే చేతిలోకి ఊడొచ్చింది అనుకోండి. స్టెమ్, అంటే కీని లోపలి మిషనుకి కలిపే సన్నటి ఇరుసు, విరిగి ఉండొచ్చు. లేదా స్టెమ్‌ని పట్టి ఉంచే సెట్టింగ్ లివర్ అరిగి ఉండొచ్చు. లేదా పాత మిషన్లలో ఆ లివర్‌ని బిగించే స్క్రూ వదులై ఉండొచ్చు. మూడోది అయితే పార్టే అక్కర్లేదు, స్క్రూ బిగిస్తే చాలు. ఊడొచ్చిన స్టెమ్ చూస్తే చాలా తెలుస్తుంది. దానికి గాడి, చతురస్రపు భాగం, కొసన పొడుగ్గా సన్నటి ముక్క అన్నీ ఉంటే స్టెమ్ బాగున్నట్టు, జబ్బు లోపల ఉన్నట్టు. గాడి దగ్గర తెగి ఉంటే మిగతా ముక్క ఇంకా మిషనులోనే ఉంది. దాన్ని పారేయకుండా తీసి దాచమని మెకానిక్కుకి గట్టిగా చెప్పండి.

ఈటీఏ అనే స్విస్ మిషన్ల కంపెనీ చేసే 2824 మిషను ఉన్న వాచీల్లో ఇంకో సంగతి ఉంది. స్టెమ్ బయటికి తీయడానికి చిన్న గుంటలో నొక్కాలి. అవసరానికి మించి లోతుగా నొక్కితే లోపల యోక్ అనే లివర్ పట్టు నుంచి క్లచ్ వీల్ అనే పళ్ల చక్రం జారిపోతుంది. అప్పుడు కీ తిప్పినా ముళ్లు కదలవు, లేదా ఎటు తిప్పినా ముళ్లే కదులుతాయి. చూసినవాళ్లు "లోపల పళ్లు పోయాయి, పార్టులు మార్చాలి" అంటారు. ఏమీ పోలేదు. డయల్ తీసి దాన్ని మళ్లీ దాని చోట కూర్చోబెట్టాలి, అంతే. ఈ ఒక్క కారణానికి పార్టుల కోసం ఊళ్లు తిరిగినవాళ్లు మా దగ్గరికి వచ్చారు. అందుకే విప్పి చూడకుండా పార్టు పేరు చెప్పే మనిషిని నేను నమ్మను.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన శత్రువు తేమ. సముద్రం పక్క, చుట్టూ కాలవలు, రొయ్యల చెరువులు. చెరువు గట్టు మీద తిరిగే రైతు చేతి వాచీలో కీ దగ్గర రబ్బరు రింగు గట్టిపడిపోతే ఉప్పు చెమ్మ స్టెమ్ వెంబడి లోపలికి పోతుంది. ముందు తుప్పు పట్టేది స్టెమ్, తర్వాత దాన్ని ఆనుకుని ఉన్న సెట్టింగ్ లివర్, యోక్, వాటి సన్నటి స్ప్రింగులు. భీమవరం వైపు నుంచీ రాజోలు వైపు నుంచీ వచ్చే వాచీల్లో మేం ఎక్కువగా మార్చేవి ఈ నాలుగే. గ్లాసు లోపల ఆవిరి పట్టిందంటే బియ్యం డబ్బాలో పెట్టొద్దు, ఎండలో పెట్టొద్దు. అదే రోజు మూత తీయించండి. ఆ ఒక్క రోజు ఆలస్యంలో ఒక పార్టుతో పోయేది నాలుగు పార్టుల దాకా వెళ్తుంది.

నంబరు ఎక్కడ ఉంటుంది

వెనక మూత మీద బయట కనిపించే అంకెలు మిషను నంబరు కావు. ఎక్కువగా అవి కేసు (మిషను కూర్చునే బయటి డబ్బా) రిఫరెన్సు, సీరియల్. గ్లాసు, కీ, మూత రింగు కావాలంటే కేసు నంబరు కావాలి. లోపలి ఇనుప పార్టు కావాలంటే మిషను నంబరు కావాలి. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే తప్పు ఆర్డర్లలో ఎక్కువ భాగం జరుగుతాయి.

ఒమేగాలో మూత తీస్తే మిషను వంతెన మీద మూడంకెలో నాలుగంకెలో చెక్కి ఉంటాయి: 565, 552, 1020 ఇలాంటివి. పక్కనే ఏడెనిమిది అంకెల పెద్ద నంబరు కూడా ఉంటుంది. అది ఆ ఒక్క వాచీ సీరియల్, పార్టుకి అక్కరకు రాదు. మూత లోపలి వైపు 166.010 లాంటి కేసు నంబరు ఉంటుంది. రెండూ రాసుకోండి.

రాడో, టిసో లాంటి వాటిలో చాలా వరకు ఈటీఏ వాళ్ల మిషన్లే. నంబరు బ్యాలెన్స్ చక్రం కింద, పళ్లెం మీద, చిన్న ముద్ర పక్కన ఉంటుంది. రోటరు (చెయ్యి కదిలినప్పుడు తిరిగి స్ప్రింగు చుట్టే బరువు రేకు) మీద కంపెనీ పేరు రాసి ఉన్నా దాన్ని చూసి మోసపోవద్దు, బ్యాలెన్స్ కిందికి చూడాలి. ఐ గ్లాసుని (మెకానిక్కు కంటికి పెట్టుకునే భూతద్దం) ఫోను కెమెరాకి ఆనించి, పక్కనుంచి టార్చ్ వేసి తీస్తే అంకెలు స్పష్టంగా వస్తాయి. 2824-2 అంటే తేదీ మాత్రమే, 2836-2 అంటే వారం పేరు కూడా. రెండూ ఒకే కుటుంబం, చాలా పార్టులు ఒకటే, కానీ అన్నీ కాదు. చివర ఉండే "-2" కూడా రాయాలి. అది వదిలేస్తే పాత రకం పార్టు వచ్చే ప్రమాదం ఉంది.

నంబరు చెరిగిపోయి ఉంటే మిషను అడ్డంగా కొలవండి. స్విట్జర్లాండ్ వాళ్లు కొలత లిన్ అనే పాత ప్రమాణంలో చెబుతారు. ఒక లిన్ అంటే సుమారు 2.256 మిల్లీమీటర్లు. 2824-2ని పదకొండున్నర లిన్ మిషను అంటారు, నిజానికి దాని వ్యాసం 25.6 మిల్లీమీటర్లు. కొలత, జువెల్స్ (ఇరుసులు తిరిగే చోట ఉండే రాళ్లు) సంఖ్య, కీ దగ్గరి లివర్లు, స్ప్రింగుల ఆకారం ఈ మూడూ పెట్టి పాత మిషన్ల జాబితాల్లో వెతికితే మిషను పట్టుబడుతుంది. డయల్ తీసినప్పుడు ఆ వైపు ఫొటో తప్పకుండా తీసి ఉంచండి. సెట్టింగ్ లివర్‌ని నొక్కిపట్టే ఆ రేకు స్ప్రింగు ఆకారం మనిషికి వేలిముద్ర లాంటిది, దాన్ని చూసే పాతకాలం మెకానిక్కులు మిషను పేరు చెప్పేవారు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఇక్కడి పాత వాచీల్లో మిషను ఒకటి, కేసు ఒకటి, డయల్ కొత్తగా రంగు కొట్టింది అయ్యే అవకాశం బాగా ఉంది. ముంబై పాత వాచీల బజార్లలో అలా కలిపి అమ్మడం ఎన్నో ఏళ్లుగా ఉంది. మూత లోపలి కేసు నంబరుకీ లోపలున్న మిషనుకీ పొంతన కుదరకపోతే, కేసు నంబరు ప్రకారం స్టెమ్ తెప్పించొద్దు. ఎదురుగా ఉన్న మిషను నంబరే నిజం.

పార్టుకీ ఒక అంకె ఉంది

ఇది తెలిస్తే భాషతో పనే ఉండదు. స్విస్ మిషన్లలో పార్టులకి దాదాపు అందరూ ఒకే అంకెలు వాడతారు. 401 స్టెమ్. 407 క్లచ్ వీల్. 410 వైండింగ్ పినియన్. 415 రాచెట్ వీల్, 420 క్రౌన్ వీల్, 425 క్లిక్, 430 దాని స్ప్రింగు. 435 యోక్, 440 యోక్ స్ప్రింగు. 443 సెట్టింగ్ లివర్, 445 దాని మీది స్ప్రింగు రేకు. 705 ఎస్కేప్ వీల్, 710 ప్యాలెట్, 723 బ్యాలెన్స్ స్టాఫ్, 770 మెయిన్ స్ప్రింగు. "ఈటీఏ 2824-2, 443" అని పంపితే జపాన్ వాడికైనా జర్మనీ వాడికైనా అర్థమవుతుంది. నేను ఈ అంకెల పట్టీని బల్ల అద్దం కింద పెట్టుకున్నాను.

ఒమేగా వాళ్లది వేరే లెక్క. వాళ్లు నాలుగంకెలు వాడతారు, ముందు మిషను నంబరు, తర్వాత పార్టు. స్టెమ్ 1106. ఒక కుటుంబంలో చాలా మిషన్లకి కలిసే పార్టు ఉంటే దాన్ని మొదటి మిషను పేరు మీదే అమ్ముతారు. అందుకే 565 పార్టు వెతుకుతుంటే పొట్లం మీద 550 అని రాసి ఉండొచ్చు. అది తప్పు పార్టు కాదు. కానీ ప్రతి పార్టుకీ జాబితా చూసి నిర్ధారించుకోవాలి, ఎందుకంటే 565లో తేదీ మార్చే ఏర్పాటు వేరు. దాంట్లో తేదీ మార్చాలంటే కీని చివరిదాకా లాగి వదలాలి, లాగిన ప్రతిసారీ ఒక రోజు ముందుకు దూకుతుంది. నెలాఖరులో ఒక్కో మనిషి దాన్ని వరసగా లాగుతూనే ఉంటాడు. ఆ వాచీల్లో కీ వైపు పార్టులు త్వరగా అరగడానికి కారణం అదే. వాచీ యజమానికి ఇది చెప్పి పంపితే కొత్త పార్టు ఎక్కువ కాలం నిలుస్తుంది.

రెండు పార్టులకి నంబరు ఒక్కటే సరిపోదు. స్టెమ్‌కి కీ ఎక్కే మర లావు చూసుకోవాలి. 2824కి అది 0.90 మిల్లీమీటరు, దుకాణాల్లో టాప్ 10 అంటారు. కొత్త స్టెమ్ ఎప్పుడూ పొడుగ్గా వస్తుంది, కేసుకి తగ్గట్టు కోసుకోవాలి. పాత స్టెమ్ పక్కన పెట్టి కొలవకుండా కోస్తే పొట్టిదై మళ్లీ ఆర్డరు పెట్టాలి. కాబట్టి ఒకేసారి రెండు తెప్పించడం మంచిది. ఇక మెయిన్ స్ప్రింగుకి వెడల్పు, మందం, పొడవు, బారెల్ (ఆ స్ప్రింగు చుట్టుకుని ఉండే డబ్బా) లోపలి వ్యాసం నాలుగూ చెప్పాలి. ఆటోమేటిక్ వాచీ స్ప్రింగు కొసన ఒక పట్టీ ఉంటుంది. పూర్తిగా చుట్టుకున్నాక అది బారెల్ గోడ మీద జారుతుంది, అందుకే ఆటోమేటిక్ ఎంత తిరిగినా తెగదు. చేత్తో కీ ఇచ్చే వాచీ స్ప్రింగుని దాంట్లో వేస్తే తొందర్లోనే విరుగుతుంది, విరిగేటప్పుడు పక్క పళ్లు కూడా తీసుకుపోతుంది. కొలతలు సరిపోయాయని ఊరుకోకుండా ఆటోమేటిక్‌కా, మాన్యువల్‌కా అన్నది రాసి పంపండి.

కంపెనీదా, బయటిదా, పాతదా

కంపెనీ పార్టు అయితేనే వేయించుకుంటాం అని పట్టుబట్టేవాళ్లని నేను గౌరవిస్తాను, కానీ అన్నిటికీ అది అవసరం లేదు. రబ్బరు రింగులు, మెయిన్ స్ప్రింగు, మామూలు స్టెమ్ ఇవి మంచి తయారీదారులు బయట కూడా చేస్తారు, బాగుంటాయి. టైముని నడిపే ఎస్కేప్ వీల్, ప్యాలెట్, బ్యాలెన్స్ జోలికి మాత్రం బయటివి వద్దు. బ్యాలెన్స్ ఇరుసు కొస మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటుంది. అక్కడ తేడా కంటికి కనపడదు, టైములో కనపడుతుంది. కంపెనీది దొరక్కపోతే అదే నంబరు పాత మిషను కొని, దాంట్లోంచి మంచి పార్టు తీసుకోవడం మేలు. దాన్ని మేం "కోసుకునే మిషను" అంటాం. పాత ఒమేగాలకి చాలాసార్లు ఇదే దారి.

సెలీటా ఎస్‌డబ్ల్యూ200 అనే మిషను 2824-2 నమూనాలోనే చేసింది, 25 జువెల్స్‌కి బదులు 26 ఉంటాయి. దాంట్లోని పార్టులు చాలా వరకు ఇందులో సరిపోతాయి. అన్నీ కాదు కాబట్టి పార్టు పార్టుకీ అడిగి వేయాలి. బ్యాటరీ వాచీ అయితే చిన్న పార్టు కోసం వెతకొద్దు. మొత్తం మిషనే మార్చడం చవక, తొందర.

కీ, గ్లాసు, డయల్ కొనేటప్పుడు నకిలీలు ఎక్కువ. పాత ఒమేగా ప్లాస్టిక్ గ్లాసు కంపెనీదే అయితే సరిగ్గా మధ్యలో కంటికి ఆననంత చిన్న ఒమేగా గుర్తు ఉంటుంది, ఐ గ్లాసుతో వెలుతురుకి వంచి చూస్తే కనిపిస్తుంది. మా దగ్గరికి గ్లాసు మార్చమని వచ్చిన ప్రతివాళ్లకీ పాతదాంట్లో ఆ గుర్తు చూపిస్తాం. చాలామంది అన్నేళ్లు చేతికి పెట్టుకున్నా దాన్ని ఎప్పుడూ చూసి ఉండరు. పాత వాచీల్లో రాత్రి వెలిగే పచ్చటి పొడి ఉన్న డయల్, ముళ్లు కొనేటప్పుడు జాగ్రత్త. 1960ల ముందటి వాటిలో అది రేడియం. ఆ పొడి గోకొద్దు, ఊదొద్దు. ఆ పని చేతకాని మెకానిక్కుకి ఇవ్వొద్దు.

ఎక్కడ అడగాలి

2015 చివరితో ఒక పెద్ద మార్పు వచ్చింది. ఒమేగా, రాడో, లాంజీన్స్, టిసో అన్నీ స్వాచ్ గ్రూపు కింద ఉన్నాయి. వాళ్లు తమ పార్టులని టోకు వ్యాపారులకి ఇవ్వడం ఆపేశారు. బ్రిటన్‌లో కజిన్స్ అనే పెద్ద టోకు సంస్థ దీని మీద కోర్టుకెక్కింది. అప్పటి నుంచి మాలాంటి చిన్న షాపులకి కొత్త కంపెనీ పార్టు దొరకడం కష్టమైంది. రోలెక్స్ అంతకు ముందు నుంచే తన గుర్తింపు లేనివాళ్లకి పార్టులు అమ్మదు. అందుకని రోలెక్స్ అయితే నేను దాచకుండా చెబుతాను: వాళ్ల సర్వీసు సెంటరుకే పంపండి. "నా దగ్గర కొత్త ఒరిజినల్ రోలెక్స్ పార్టు ఉంది" అని బజార్లో ఎవరైనా అంటే, అది ఎక్కడిదో అడగండి.

కొత్త మోడల్ ఒమేగా, రాడోలకి కూడా కంపెనీ సర్వీసు సెంటరే మొదటి మెట్టు. ముందుగా అడగాల్సినవి రెండు. ఈ ఒక్క పార్టు మార్చి ఇస్తారా, లేక పూర్తి సర్వీసు చేయించుకోవాలా? తీసిన పాత పార్టు తిరిగి ఇస్తారా? చాలా చోట్ల పూర్తి సర్వీసు అంటారు. ఖర్చు ఎక్కువ, కానీ నీళ్లు పోని పరీక్ష చేసి ఇస్తారు. పాత వాచీ డయల్ గీతలు పడినా మార్చొద్దు, కేసు పాలిష్ చేయొద్దు అని కాగితం మీద రాసి ఇవ్వండి. నోటి మాట సరిపోదు.

పాతవాటికి మాత్రం టోకు బజారే. కోల్‌కతా రాధా బజారు వాచీలకి పేరున్న చోటు. ముంబైలో, చెన్నైలో పాత స్టాకు పెట్టుకున్న వ్యాపారులున్నారు. నాన్నగారి రోజుల్లో పార్టు నమూనా జేబులో పెట్టుకుని రాజమండ్రిలో రైలెక్కేవారు. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు గానీ, ఇప్పుడు ఫొటో వాట్సాప్‌లో వెళ్తుంది, పార్టు కొరియర్లో వస్తుంది. విదేశం నుంచి తెప్పిస్తే కొరియర్ వాళ్లు గుర్తింపు కాగితాలు అడుగుతారు, కస్టమ్స్ సుంకం పడుతుంది. బిల్లు మీద "వాచీ పార్టులు" అనీ, నిజమైన ధరనీ రాయమని అమ్మేవాళ్లకి చెప్పండి. వాచీ పార్టులకి కస్టమ్స్ శీర్షిక 9114. "బహుమతి" అని రాయిస్తే తప్పించుకోవచ్చని కొందరు చెబుతారు. అలా రాయించిన పొట్లాలు కస్టమ్స్‌లో నిలిచిపోవడం చూశాం, వద్దు.

మనవాళ్లకి ఇంకో మంచి దారుంది. గల్ఫ్‌లో ఉన్న మీ తమ్ముడో బావగారో సంక్రాంతికి వస్తున్నారనుకోండి. ఆయన వచ్చాక వాచీ మా దగ్గరికి తెస్తే, సెలవు అయిపోయేలోగా పార్టు రాదు. అదే రెండు నెలల ముందు మూత తీసిన ఫొటో పంపితే, మేం నంబర్లు రాసిస్తాం, ఆయన అక్కడే కొనుక్కుని పర్సులో పెట్టుకుని వస్తారు. పండక్కి ముందు వారం మా షాపులో ఉండే రద్దీలో అలా సిద్ధంగా వచ్చినవాళ్ల పనే ముందు పూర్తవుతుంది.

ఎలా అడగాలి

అమ్మేవాళ్లకి పంపే సందేశం ఇలా ఉండాలి: "ఒమేగా, మిషను 565, కేసు 166.010. కావాల్సింది స్టెమ్, 1106, రెండు. కొత్తదైతే కంపెనీదా, బయటిదా? పాతదైతే గాడి, మర దగ్గరి ఫొటో కావాలి. పొట్లం మీది నంబరు ఫొటో కావాలి. సరిపోకపోతే వెనక్కి తీసుకుంటారా?" దానికి మిషను ఫొటో, పాత పార్టుని గళ్ల కాగితం మీద పెట్టి తీసిన ఫొటో జతచేయండి. ధర ముందే అడగొద్దు. ముందు పార్టు సరైనదో కాదో తేలాలి. పొట్లం మీది నంబరు చూపించకుండా "అదేనండి, నమ్మండి" అనే మనిషి దగ్గర ఎంత చవకైనా కొనను.

పాత ముక్క పంపాల్సి వస్తే దూదిలో చుట్టొద్దు, పోగులు పట్టేస్తాయి. మందుల షాపులో దొరికే ఖాళీ క్యాప్సూల్‌లో వేసి, దాన్ని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో కదలకుండా పెట్టి స్పీడ్ పోస్ట్ చేయండి. బ్యాలెన్స్ మాత్రం విడిగా పంపొద్దు, దానికుండే వెంట్రుక లాంటి హెయిర్ స్ప్రింగు చిక్కుపడితే విడదీయడం పెద్ద పని. దాన్ని పళ్లెం మీద బిగించే పంపాలి. మొత్తం వాచీ పంపేటప్పుడు విలువ రాసి బీమా చేయించండి, పంపేముందు మిషను ఫొటో తీసి ఉంచండి. తిరిగొచ్చాక పోల్చుకోవడానికి అదే ఆధారం.

వచ్చాక

పొట్లం తెరవగానే పాత పార్టు పక్కన పెట్టి ఐ గ్లాసుతో చూడాలి. రంధ్రం సైజు, మేకు ఎత్తు, పళ్ల సంఖ్య. మందం మైక్రోమీటరుతో. తేడా ఉంటే రేకు రుద్ది సరిచేయొద్దు, వెనక్కి పంపాలి. రుద్దిన పార్టుని ఎవరూ తీసుకోరు. సరిపోయిందనిపిస్తే ముందు నూనె లేకుండా కూర్చోబెట్టి, కీ తిప్పి, లాగి, ప్రతి స్థానంలో ఆగుతుందో లేదో చూడాలి. తర్వాతే తీసి, శుభ్రం చేసి, నూనె పెట్టి బిగించాలి. పార్టు వేసిన రోజే కీ రింగు, మూత రింగు కొత్తవి వేయండి. వాటి ఖరీదు పార్టు ఖరీదు ముందు ఏమీ కాదు, మన చెమ్మలో అవి పాతవైతే కొత్త స్టెమ్ కూడా తుప్పు పడుతుంది. చెరువు పని చేసేవాళ్లు నీటి పరీక్ష చేయించకుండా వాచీతో నీళ్లలో చెయ్యి పెట్టొద్దు. మర తిప్పి బిగించే కీ ఉంటే ప్రతిసారీ చివరిదాకా బిగించాలి.

వాచీ తీసుకునేటప్పుడు షాపులోనే నిలబడి చూసుకోండి. కీని మామూలు స్థానంలో ఉంచి తిప్పితే దాంతో ముళ్లు తిరగకూడదు. లాగితే మెత్తగా, స్పష్టంగా అడుగు పడాలి. ముళ్లు తిప్పి అర్ధరాత్రి దాటించండి, తేదీ మారాలి. మారాక ముళ్లని ఉదయం ఆరుకి తెచ్చి, అప్పుడు కీతో తేదీ సరిచేయండి. రాత్రి తొమ్మిది నుంచి మూడు వరకు కీతో తేదీ మార్చొద్దు. ఆ సమయంలో మిషనే తేదీ చక్రాన్ని పట్టుకుని ఉంటుంది, బలవంతం చేస్తే అక్కడి సన్నటి పన్ను విరుగుతుంది. పాత పార్టు అడిగి తీసుకోండి. మిషను నంబరు, వేసిన పార్టు నంబరు, తేదీ ఒక చీటీ మీద రాయించి వాచీ డబ్బాలో పెట్టండి. మేమైతే మూత లోపల సూదితో చిన్నగా గీస్తాం. "కోసుకునే మిషను" కొన్నది మీ డబ్బుతో అయితే అందులో మిగిలిన పార్టులు మీవే. నంబరు రాసిన కవర్లో వేసి ఇవ్వమని అడగండి, ఇవ్వని షాపు ఉంటే ఆ షాపుకి రెండోసారి వెళ్లొద్దు.